మార్కండేయులు లెక్క

బస్సు ఇంకా స్టాండు దాటలేదు. డ్రైవరు టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఎవరితోనో నవ్వుతున్నాడు, ఆయనకేం, ఎంతసేపైనా నవ్వగలడు, ఆయన పెదనాన్నని వెతుక్కుంటూ పోవడం లేదు కదా, అనుకుంది నాగవేణి కిటికీ పక్క సీట్లో సర్దుకుంటూ. వన్ టౌన్ హోల్‌సేల్ బట్టల కొట్టులో ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతున్న మనిషి. తానుల మీద తానులు విప్పించి చివరికి జేబురుమాలు కూడా కొనకుండా పోయేవాళ్ళని ఎందరినో నవ్వుతూ సాగనంపిన మనిషి. అలాంటిది ఇవాళ, ఆదివారం పూట, ఒక పాత గుడ్డముక్క చూసి రావడానికి రెండు బస్సులు వదిలేసి గానీ ఇది ఎక్కలేకపోయింది. చూడాల్సింది కూడా పెద్దగా ఏం లేదు. ఆ గుడ్డ చివర ఎర్ర గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. మూడుంటే, కంకిపాడులో ఉన్న ఎనభై అయిదేళ్ళ అబ్రహాముగారు తనకు పెదనాన్న, తాత మార్కండేయులుకి పెళ్ళి బయట పుట్టిన కొడుకు. మూడు కాక ఇంకెన్నున్నా ఆయన ఎవరో, తనెవరో. ఒడిలో సంచీ ఉంది. అందులో ఒక లడ్డూల పెట్టె, ఒక చక్కెర లేని బిస్కెట్ల పొట్లం. పెద్దాయనకు షుగరు ఉందో లేదో తెలియదు కాబట్టి రెండూ. చిన్నప్పట్నుంచీ రాకపోకలుంటే ఆయన ఏది తింటాడో ఈపాటికి తెలిసుండేది. ఆ రెండింటి కింద, కొట్టు పేరున్న కవర్లో, నాలుగు మడతలు పెట్టిన నాన్న ఉయ్యాల గుడ్డ ఉంది.

"ఎక్కడికమ్మా?" అంది కండక్టరమ్మ. కంకిపాడంటే ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. సున్నా. పొద్దున్నుంచి బుర్రలో అంకెలు తప్ప ఇంకేం లేవు, మొదట ఎదురొచ్చింది సున్నానా, ఇది మంచికా చెడుకా, ఛీ, ఊరుకో. టికెట్‌ని చూపుడువేలికి చుట్టడం మొదలుపెట్టింది. ఏ పొడుగాటి కాగితం దొరికినా అంతే, వేలికి చుట్టుకుపోతుంది, ఆరేళ్ళ వయసు నుంచి రాట్నం ముందు కూర్చుని మగ్గం నాడెలోకి దారం కండెలు చుట్టిన చెయ్యి కదా. మంగళగిరిలో ఆ ఇంట్లో రాట్నం ఒక మూల, తాత ఒక మూల. తాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, నడుము పైభాగమే కనిపించేది, అందుకని తాతకి కాళ్ళు లేవనుకునేది తను. ఓ రోజు ఆయన గుంటలోంచి లేచి మంచినీళ్ళ కోసం నడిచొస్తే జడుసుకుని కెవ్వుమంది. ఇల్లంతా నవ్వు. తాత కూడా నవ్వాడు. ఆ కాళ్ళే, నెత్తిన చీరల మూటతో, కృష్ణ దాటి డెల్టా ఊళ్ళన్నీ తిరిగాయని, ఒక చోట మాత్రం చాలాసేపు ఆగాయని అప్పుడెవరికి తెలుసు.

బస్సు కదిలింది. అమ్మవారి కొండ అటు పక్కన ఉండిపోయింది, అయినా అటు తిరిగి, మూడు ఉండేలా చూడు తల్లీ అని అమ్మవారికి ఒక దణ్ణం పెట్టింది. పెట్టాక అనుమానం వచ్చింది. అవతలి వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, ఈ వ్యవహారం ఇద్దరి పరిధిలోనూ ఉంది, ఒక్కరికే చెప్పుకుంటే బాగుండదు. వాళ్ళ ప్రభువుకి కూడా ఒకటి పెట్టింది. పక్క సీటావిడ ఎందుకో కొంచెం జరిగి కూర్చుంది.

తాతకి ఒక పద్ధతి ఉండేది. చీరల పడుగు, అదే నిలువు పోగులు, నేత అయిపోయే దగ్గర గజంన్నర మిగిలిపోయేది, చీరకి చాలదు, పారెయ్యడానికి మనసొప్పదు. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు ఆ మిగిలిన పడుగు మీద తెల్లటి పేకపోగు అడ్డంగా వేసి ఉయ్యాల గుడ్డ నేసేవాడు. చివర ఎర్రదారంతో గీతలు. మొదటి బిడ్డకి ఒక గీత, రెండో బిడ్డకి రెండు. ఎవరి గుడ్డ వాళ్ళది, ఉతుకులో కలిసిపోకూడదని. కూతురు రావమ్మకి ఒకటి, పెద్దకొడుక్కి రెండు. ఆ తరవాత నాన్న, ఆఖరివాడు, మూడో బిడ్డ. నాన్న గుడ్డకి గీతలు నాలుగు. ఇంటిల్లిపాదీ నవ్వుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి. నలుగురు చుట్టాలొస్తే అయిదు కాఫీలు తెచ్చిన కోడలిది మార్కండేయులు లెక్క. పెళ్ళిలో ఒక విస్తరి ఎక్కువ వేస్తే మార్కండేయులు లెక్క. లెక్కల పరీక్షలో తనకి ఇరవై రెండు మార్కులొచ్చినప్పుడు, రావమ్మత్త కాగితం అటూ ఇటూ తిప్పి, తాత పోలికే దీనికి, అంది. నాన్ననైతే పెళ్ళైనవాణ్ణి, పిల్లలున్నవాణ్ణి కూడా వదల్లేదు, వీధంతా నాలుగు గీతలోడా అని పిలిచేవాళ్ళు, ఆయనా పలికేవాడు. నాయనమ్మ ఒక్కతే నవ్వేది కాదు. "మీ తాత లెక్క తప్పే మనిషి కాదే" అని రాట్నం ముందు నుంచి లేచి లోపలికి పోయేది. మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అనుకుంది పదేళ్ళ నాగవేణి. ఆ మాట చెవిలో పడి ఉండిపోయింది, అర్థం కావడానికి మాత్రం దగ్గర దగ్గర యాభై ఏళ్ళు పట్టింది.

బెంజి సర్కిలు దగ్గర ఆగింది బస్సు. ఆదివారమైనా ఈ తొక్కిడి తగ్గదు. ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు, ఒకదానిది లేత పసుపు మీద ఆకుపచ్చ అంచు, అది మంగళగిరి కాదు, మంగళగిరి పేరుతో మిల్లులో దిగిన సరుకు, ఎవరు అమ్మారే నీకు, నా దగ్గరికి రాకపోయావా. చూడకుండా ఉండలేదు, మనుషుల ముఖాలు మర్చిపోతుంది కానీ అంచులు మర్చిపోదు. నిరుడు రావమ్మత్త తొంభై నిండి పోయినప్పుడు అందుకే ఆ ట్రంకు పెట్టె తన చేత తీయించారు, బట్టల సంగతి నీకే తెలుసు కదా అని. పట్టుచీరల అడుగున ఒక గీత గుడ్డ. పోయిన పెదనాన్న వాళ్ళింటి నుంచి రెండు గీతల గుడ్డ తెచ్చారు, నాన్న తన నాలుగు గీతలది తెచ్చాడు, మూడింటినీ చాప మీద పక్కపక్కన పరిచారు, కాసేపు నవ్వుకుంటే దుఃఖం తగ్గుతుందని. అందరూ నవ్వారు. తను వంగి చూస్తోంది. మధ్యలో జాగా ఉంది. చాప మీద, రెండు గీతలకీ నాలుగు గీతలకీ మధ్య, ఒక గుడ్డ పట్టేంత జాగా ఎవరు వదిలారో ఏమో వదిలారు. వందలకొద్దీ పోగుల్లో ఒక్క పోగు తెగితే చూడకుండానే వేలితో పసిగట్టే మనిషి, రెండు తరవాత ఏమొస్తుందో తెలియక తప్పాడా? నాయనమ్మ మాట అప్పుడు వినిపించింది. నవ్వుతున్నవాళ్ళ మధ్య తనొక్కతే ఆ జాగా మీద అరచెయ్యి ఆనించింది.

ఆటోనగర్ దాటింది. ఆ తరవాత ఆదివారాలన్నీ ఇదే పని. ముందు నాన్నని అడిగింది, మీకంటే ముందు పుట్టి పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అని. నాయనమ్మ అలాంటిదేదీ చెప్పలేదన్నాడు. పుట్టినది పోలేదు, ఉయ్యాల మాత్రం మన ఇంట్లో వెయ్యలేదేమో నాన్నా, అంది తను మెల్లగా. ఆయనకు చెవుడు, మూడుసార్లు గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది, అంతటి రహస్యాన్ని వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాల్సి రావడమేంటో. పక్క వీధిలో తాతతో కలిసి మూట మోసిన ముసలాయన ఉన్నాడు, తొంభై ఆరేళ్ళు, నోట్లో పన్ను లేదు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. "కంకిపాడు వైపు పోయినప్పుడు నాకు పదేళ్ళు. మీ తాత దానమ్మ అని చర్చికి పోయే ఒకావిడ ఇంటి అరుగు మీద మూట దింపేవాడు. నాట్లకి పోయే ఆడాళ్ళని పిలుచుకొచ్చి చీరలు చూపించేది ఆవిడ. అంతకు మించి నన్నడక్కు," అని నోరంతా తెరిచి నవ్వాడు. అంతకు మించి అడగాల్సిన అవసరం ఆ నవ్వుతోనే తీరిపోయింది. ఆ పైన అయిదు ఆదివారాలు, నాలుగు చర్చిలు. పాస్టర్లందరూ మర్యాదస్తులే, ఒకాయన కాఫీ ఇచ్చి గంటసేపు వాక్యం కూడా చెప్పారు, బయటపడడం కష్టమైంది. నాలుగో చర్చిలో బీరువాలోంచి కలరా ఉండల వాసనేసే బాప్తిస్మపు రిజిస్టరు తీశారు. 1940. బిడ్డ పేరు అబ్రహాము. తల్లి పేరు దానమ్మ. తండ్రి పేరుండాల్సిన గడిలో ఏమీ లేదు, రాయబోయి కలం ఆనించి మళ్ళీ తీసేసినట్టు ఒక సిరాచుక్క. ఈయన ఉన్నారండీ, మన సంఘంలోనే, అన్నారు పాస్టరుగారు. కూతురు హెలెన్ అని, నర్సు పని చేసి రిటైరైందట. ఫోను నంబరు ఇచ్చారు.

ఆ చుక్కని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తాతంటే ప్రాణం తనకి, ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన ఒళ్ళో గంజి వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. అయినా ఏం మనిషివయ్యా నువ్వు. ఆ అరుగు మీద కూర్చున్నావు, ఆ ఇంట్లో నీళ్ళు తాగావు, అన్నం తిన్నావు, ఆ రోజుల్లో మన వీధిలో తెలిస్తే వెలివేసేవాళ్ళు, అంత సాహసమూ చేశావు, బిడ్డకి గజంన్నర గుడ్డ నేశావు, మూడో బిడ్డ అని లెక్కలోకి తీసుకున్నావు, మళ్ళీ నాలుగోది నాన్నకి నేసేటప్పుడు ఆ లెక్క దాచనూ లేదు, నా పిల్లలు నలుగురు అని ఇంటి నడిమధ్యలో ఎర్రదారంతో చెప్పుకున్నావు. నోరు తెరిచి మాత్రం చెప్పలేదు. పేరు మాత్రం ఇవ్వలేదు. మేం నవ్వుతుంటే గుంటలో కూర్చుని వింటూ ఉండిపోయావు. దానమ్మ ఎలా ఉండేదో. నాగవేణికి మనుషుల్ని చీరలో తప్ప ఊహించుకోవడం చేతకాదు. ముదురు ఎరుపు కట్టించి చూసింది, కుదరలేదు. నీలం మీద సన్నంచు కట్టించి, కొంగు నడుముకి దోపి, అరుగు మీద మూట విప్పుతున్నట్టు ఊహించుకుంటే సరిగ్గా కూర్చుంది. ఆవిడ నవ్వుతూ కనిపించింది. ఏడిపించాలని చూసినా ఏడవలేదు, ఊహలో కూడా మొండిదే.

కానూరు, తాడిగడప, పోరంకి. ముందు సీట్లో ఒక కుర్రతల్లి ఒళ్ళో పసివాడు, టర్కీ టవల్లో చుట్టి ఉన్నాడు, భుజం మీంచి వెనక్కి తిరిగి నాగవేణినే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా, ఏదో అప్పజెప్పు అన్నట్టు. చెప్తాను నాయనా, ఒప్పుకుంటాను. అబద్ధం ఆడాను. హెలెన్‌గారికి ఫోను చేసినప్పుడు, మా తాత మీ తాత అని మొదలుపెడదామని నాలుగుసార్లు అద్దం ముందు చదువుకుని కూడా, అవతల "హలో, ఎవరండీ?" అనే గొంతు వినగానే నాలుక తిరగబడింది. "మంగళగిరి పాత నేత గుడ్డలు సేకరిస్తున్నానండీ, మా కొట్టు తరఫున," అనేసింది. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో. హెలెన్‌గారు ఎంత సంతోషపడిందో, "అయ్యో మా ఇంట్లో ఒకటుందండీ, నాన్న చిన్నప్పటిది, చివర్న ఎర్రగీతలు కూడా ఉంటాయి," అంది. ఎన్ని గీతలండీ అని అడగాలి. ఒక్క ముక్క. అడగలేదు, ఆదివారం వస్తానండీ అని ఫోను పెట్టేసి మంచినీళ్ళు తాగింది. ఆ ఒక్క ముక్క అడిగుంటే ఈ ప్రయాణమే లేదు, ఆదివారం కాళ్ళు చాపుకుని పడుకునేది. పసివాడు ఆవులించాడు. వాడికి కూడా ఈ సంజాయిషీ చాలినట్టు లేదు.

ఇప్పుడు అసలు చిక్కు అది కాదు. మూడు ఉంటే ఏం చెయ్యాలి అన్నది. ఎనభై అయిదేళ్ళు గౌరవంగా బతికిన మనిషి ముందు కూర్చుని, అయ్యా, మీ తండ్రి పేరు ఇదీ, ఆయనకి మంగళగిరిలో పెళ్ళాం పిల్లలు ఉండేవాళ్ళు, అని లడ్డూ చేతిలో పెట్టాలా? ఆయనకి తెలియకపోతే? తెలిసి మర్చిపోదామని అనుకున్న మనిషైతే? కూతురి ముందు ఆయన తల వంచుకోవాల్సి వస్తే ఆ పాపం ఎవరిది? ఏం చెప్పకుండా వచ్చేద్దామంటే అక్కడ నాన్న. ఎనభై రెండేళ్ళు, అక్క పోయింది, అన్న పోయాడు, మోకాళ్ళు మగ్గం గుంటకే అరిగిపోయాయి, వారం నుంచి మంచం మీద పొద్దున్నే లేచి ఇవాళ ఏ వారం అని అడుగుతున్నాడు. బయల్దేరేముందు గుడ్డ తీసి ఇచ్చి, "నువ్వు పెద్ద కథలేం చెప్పొద్దమ్మా, నాకు వినపడి చావవు. ఫోను చేసి అంకె చెప్పు చాలు. నేను ఎన్ని అని అడుగుతా, నువ్వు అంకె చెప్పు," అన్నాడు. గుమ్మం దాటాక మళ్ళీ పిలిచాడు. "నాకంటే పెద్దోడైతే ఏవండీ అనాలా, అన్నయ్యా అనాలా?" అని అడిగాడు. అది గుర్తొచ్చి నాగవేణికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, పక్క సీటావిడ మళ్ళీ ఇంకొంచెం జరిగింది, ఇక జరగడానికి చోటు లేదు పాపం.

పెనమలూరు దాటాక గాలి మారింది. వరిచేల తడివాసన, మధ్యలో కాలువ ఒకసారి మెరిసి పక్కకి పోయింది. పెదనాన్నగారూ. పెదనాన్నా. హెలెన్‌గారూ. హెలెనక్కా. లోపల్లోపల పలికి చూసుకుంటోంది, కొత్త జాకెట్టు వేసుకుని చేతులు ఎత్తి దించి చూసుకున్నట్టు. హెలెనక్కా బాగానే ఉంది, ఎక్కడా బిగుతు లేదు. ఈడుపుగల్లు వచ్చేసింది, ఇక ఒకటే. మూడు, మూడు, మూడు, అంటోంది బస్సు చక్రం గతుకుల మీద. వేలికి చుట్టిన సున్నా టికెట్ చెమటకి మెత్తబడిపోయింది.

సెంటర్లో దిగేసరికి హెలెన్‌గారు స్కూటీ మీద సిద్ధంగా ఉంది, తెల్లటి జుట్టు, వంగపండు రంగు చీర, ఆ చీర మాత్రం నికార్సైన మంగళగిరి. "నాగవేణిగారేనాండీ? ఎక్కండెక్కండి. నాన్న పొద్దున చర్చి నుంచి వచ్చాక మూడు చొక్కాలు మార్చారండీ. ఎవరో గుడ్డ చూడ్డానికొస్తే మీకెందుకు నాన్నా ఈ హడావుడి అంటే వినరే!" స్కూటీ వెనక కూర్చుని నాగవేణి అన్నిటికీ ఊఁ అంటూనే ఉంది. చిన్న డాబా ఇల్లు, వరండాలో వైరు కుర్చీ, కుర్చీలో అబ్రహాముగారు. గబగబా తాత పోలికల కోసం వెతికింది. ముక్కు కాదు. నుదురు కాదు. చెవుల మీద వెంట్రుకలు తాతవే, కానీ అవి ఆ వయసు మగవాళ్ళందరికీ ఉంటాయి. ఆయన రెండు చేతులూ జోడించి, "బస్సు బాగా ఆలస్యమైందామ్మా?" అన్నాడు. లేదండీ, సరిగ్గానే వచ్చింది, అంది. లడ్డూలూ బిస్కెట్లూ రెండూ బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి లడ్డూల వైపు పోయింది, "నాన్నా!" అంది హెలెన్‌గారు, చెయ్యి బిస్కెట్ల వైపు తిరిగింది. షుగరుంది, సరే, అది తెలిసింది.

దిండుగలీబులో దాచిన గుడ్డని హెలెన్‌గారు తెచ్చి ఒళ్ళో పరిచింది. తెలుపు మజ్జిగ రంగులోకి తిరిగింది. చివర ఎరుపు వెలిసి ఇటుక రంగైంది. ఒకటి, రెండు, మూడు. నాగవేణి మళ్ళీ లెక్కపెట్టింది, రెండుసార్లు కొలవకుండా ఏనాడూ కత్తెర పెట్టలేదు. మూడు. తరవాత తెల్లటి గుడ్డ, ఇంకేం లేదు. మూడే. ఆ గీత దగ్గర అంచు కొట్టిన తీరు, ఆ బిగువు, అది తాత చెయ్యి, కళ్ళు మూసుకుని తడిమినా చెప్పగలదు. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అండీ," అంది హెలెన్‌గారు ఒక్కో గీత మీదా వేలు పెట్టి. "మా నాయనమ్మ చెప్పేది. అందుకే మా ఇంట్లో ఎవరి బాప్తిస్మానికైనా ఈ గుడ్డలోనే. నాకు, తమ్ముడికి, మా పిల్లలకి, మొన్న మనవడికి కూడాను. తొమ్మిది మందిమండీ దీంట్లో!" ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఆ ఇంట్లో నవ్వుకున్న లెక్కకి ఈ ఇంట్లో దణ్ణం పెట్టుకున్నారు. తొమ్మిది మంది బిడ్డల్ని దాని మీద పడుకోబెట్టారు. ఇప్పుడు తనొచ్చి, అది దేవుడి లెక్క కాదక్కా, మా తాత లెక్క, అనాలా? అనకూడదు. ఆ క్షణంలో నాగవేణి తేల్చేసుకుంది. అంకె తెలిసింది, నాన్నకి చెవిలో చెప్తుంది, చాలు. నోట్లోంచి పెదనాన్న అన్న మాట ఒక్కసారైనా పైకి రాకుండానే వెళ్ళిపోవాలి, అది కొంచెం కష్టంగానే ఉంది, ఫర్వాలేదు. లేచి నిలబడింది.

"అదేంటండీ, మీరు సేకరించినవి చూపించరూ? ఒకటన్నా తెచ్చుంటారుగా," అంది హెలెన్‌గారు, సంచీలోంచి కనిపిస్తున్న కొట్టు కవరు వైపు చూస్తూ.

ఆడిన అబద్ధం ఇంతదూరం వెంటొచ్చి పట్టుకుంది. కాదనడానికి లేదు. కవరు తీసి, మడత విప్పకుండా ఇలా చూపించి అలా పెట్టేద్దామనుకుంది, కానీ అబ్రహాముగారు అప్పటికే చెయ్యి చాచాడు. మడత తనే విప్పాడు. చూపు ఆనదేమో, బొటనవేలితో తడుముకుంటూ పోయాడు. ఒకటి, రెండు, మూడు. వేలు ఆగింది. ఇంకొంచెం జరిగింది. నాలుగో గీత మీద ఆగి అక్కడే ఉండిపోయింది. వరండాలో కోడిపెట్ట ఒకటి గింజలు ఏరుకుంటున్న చప్పుడు.

"ఇది ఎవరిదమ్మా?" అన్నాడు. "తమ్ముడిదా, చెల్లిదా?"

లేచిన నాగవేణి మళ్ళీ కూర్చుంది. "తమ్ముడిది, పెదనాన్నా," అంది. ఎక్కడా బిగుతు లేకుండా వచ్చేసింది మాట.

"తమ్ముడు," అన్నాడాయన, బిస్కెట్టు కంటే తియ్యటిదేదో నోట్లో పెట్టుకున్నట్టు. "పోయేముందు అమ్మ చెప్పింది, లోకానికి దేవుడి లెక్క అని చెప్పానురా, నీకు మాత్రం నిజం చెప్తున్నా, అది మీ నాన్న లెక్క అంది. నీకు ముందు ఇద్దరున్నారు, తరవాత సంగతి నాకు తెలీదు అంది. నువ్వు మాత్రం ఆ గడప తొక్కొద్దు, రావాల్సినవాళ్ళు అటునుంచే రావాలి అంది. అందుకని ఎదురుచూస్తూ కూర్చున్నా. హెలెన్ మంగళగిరి గుడ్డ అనగానే..." చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"నాన్నా! నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది హెలెన్‌గారు, నోటి మీద చెయ్యి వేసుకుని.

"నువ్వెప్పుడు అడిగావే? తండ్రి కుమార అని వచ్చినవాళ్ళందరికీ నువ్వే చెప్పేస్తుంటే ఇక నేనేం మాట్లాడను. అదీ అబద్ధమేం కాదులే. ఆ దేవుడి లెక్కలో లేకుండా ఎవరున్నారు?"

హెలెన్‌గారు నాగవేణిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. ఆ చూపు కింద నాగవేణికి సేకరణ, కొట్టు తరఫున, ఆ మాటలన్నీ ఒక్కొక్కటే చెవుల్లో మోగాయి. "కొట్టు తరఫునా?" అంది హెలెన్‌గారు. తరవాత ఆపుకోలేక నవ్వేసింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు కదే."

కదే అంది. గారూ, అండీ రెండూ పోయాయి.

అప్పుడు ఫోను మోగింది. నాన్న ఆగలేకపోయాడు. పచ్చబొత్తం నొక్కిందో లేదో, స్పీకరు పెట్టక్కర్లేకుండానే వరండా అంతా వినిపించింది, "ఎన్నమ్మా?"

నాగవేణి ఫోను పెదనాన్న చేతికిచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"మూడు," అన్నాడు.

అవతల గొంతు తగ్గింది. "ఎవరండీ మాట్లాడేది?"

"చెప్పాగా. మూడోవాణ్ణి. నువ్వు నాలుగోవాడివట?"

ఇంకేం వినపడలేదు. లైను పోయిందనుకుంది నాగవేణి. దూరంగా ఎవరిదో మగ్గం చప్పుడు మాత్రం వస్తోంది, లైను ఉంది, మనిషే లేడు. తరవాత నాన్న, ఫోనుకి కాదు, వీధి మొత్తానికి, ఎనభై రెండేళ్ళ నుంచి నవ్విన ప్రతివాళ్ళకీ వినిపించేలా, కంకిపాడు వరండాలో కోడిపెట్ట బెదిరి గోడెక్కేలా అరిచాడు.

"మా నాన్న లెక్క తప్పలేదురోయ్!"